ఉన్న కోర్సు ఎందుకు దొరకదు?

నంద్యాలలో ఉంటున్న మా చెల్లెలి కూతురు సాయంకాలాలు ఇరుగుపొరుగు పిల్లలకు ఖుర్ఆన్ పఠనం నేర్పుతూ ఉంటుంది. అక్షరాలు, ఉచ్చారణ నియమాలు ఆమెకు చక్కగా వచ్చు. కాని ఒకే పదం ఒకచోట 'ఉ'కారంతో, మరొకచోట 'అ'కారంతో, ఇంకొకచోట 'ఇ'కారంతో ముగియడానికి కారణమేమిటని ఒక పిల్లవాడు అడిగినప్పుడు ఆమె దగ్గర జవాబు లేకపోయింది. తెలుసుకోవాలన్న పట్టుదల కలిగింది. ఇంటిపట్టున ఉండి చదువుకునే వీలుంటుందని, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఒక సంస్థ వారి కోర్సుల పట్టికను తెరచి, వెతికే పెట్టెలో 'అరబీ వ్యాకరణం' అని టైపు చేసింది. 'ఫలితాలేవీ లేవు' అని జవాబు వచ్చింది. "మామూ, వాళ్ల దగ్గర అరబీ వ్యాకరణం లేదట" అని నాకు ఫోనులో చెప్పి ఊరుకున్నది.

నిజానికి ఉన్నది. ఆ సంస్థవారు ఆ సంవత్సరమే ఆ కోర్సును కొత్తగా ప్రారంభించారు. కాకపోతే దాని పేరు 'నహ్వ్ - ప్రారంభ స్థాయి'. పేరు కింద వ్రాసిన వివరణ 'అరబ్బీ వాక్య నిర్మాణ నియమాల పరిచయం'. ఈ సంగతి మాకు తెలిసేసరికి చేరికల గడువు దాటిపోయింది. ఆమె ఆరు నెలలు ఆగవలసి వచ్చింది. ఆ పిల్లవాని ప్రశ్న కూడా ఆమెతో పాటే ఆగింది.

ఇందులో తప్పు ఎవరిది? కోర్సు పేరు పెట్టిన ఉపాధ్యాయుడు తన శాస్త్రానికి శతాబ్దాలుగా ఉన్న పేరునే పెట్టాడు. వెతికిన అమ్మాయి తనకు తెలిసిన మాటనే వ్రాసింది. కంప్యూటరు తనకు చెప్పిన పనినే చేసింది. ముగ్గురూ తమ తమ పనిని సక్రమంగానే చేశారు, అయినా చదువు ఆగిపోయింది. ఆన్‌లైన్ విద్యా వ్యవస్థలలో కోర్సుల వెతుకులాటను మెరుగుపరచడమంటే ఏమిటో అర్థం కావాలంటే ఈ వింత పరిస్థితిని కొంచెం వివరంగా పరిశీలించాలి.

పేరు తెలియనివారి ప్రశ్న

నేర్చుకోగోరేవారికి తాము నేర్చుకోబోయే విద్య పేరు తెలియకపోవడం సహజం. 'నహ్వ్' అంటే వాక్యంలో పదాల స్థితిగతులను చెప్పే శాస్త్రమనీ, 'సర్ఫ్' అంటే పదాల రూపభేదాలను చెప్పే శాస్త్రమనీ తెలిసినవారు అప్పటికే ఆ విద్యలో కొంత దూరం నడిచినవారన్నమాట. అటువంటివారికి పట్టిక చాలు. వెతికిపెట్టే సాధనం అంతగా అవసరం లేదు. ఆ అవసరం పేరు తెలియనివారిది. మన వెతుకులాట వ్యవస్థలు మాత్రం తరచుగా పేరు తెలిసినవారి కోసమే నిర్మించబడుతున్నాయి.

ఇది కంప్యూటర్లతో పుట్టిన చిక్కు కాదు. బగ్దాదులో పుస్తకాల వ్యాపారం చేసిన ఇబ్నె నదీమ్ 987లో తన 'ఫిహ్రిస్త్'ను కూర్చినప్పుడు గ్రంథాలను విద్యల వారీగా పది ప్రకరణాలలో అమర్చాడు. తనకు కావలసినది ఏ విద్యలో ఉంటుందో ఎరిగినవానికి అది గొప్ప ఉపకారం. ఏడు శతాబ్దాల తరువాత, 1657లో మరణించిన ఉస్మానీ పండితుడు హాజీ ఖలీఫా తన 'కష్ఫుజ్జునూన్'లో సుమారు 15 వేల గ్రంథాల పేర్లను అక్షరక్రమంలో ఇచ్చాడు. పేరు ఎరిగినవానికి అది అంతకంటె సులభం. అయితే పేరూ తెలియక, అది ఏ విద్య కిందికి వస్తుందో కూడా తెలియక వచ్చినవాని సంగతి ఏమిటి? అతడు పూర్వం గ్రంథాలయాధికారినో, ఉస్తాదునో అడిగేవాడు. "అయ్యా, మాట చివర స్వరం మారడం గురించి చెప్పే పుస్తకమేదైనా ఉన్నదా?" అంటే ఆ పెద్దమనిషి నవ్వి నహ్వ్ పుస్తకం చేతిలో పెట్టేవాడు. నేడు ఆ పెద్దమనిషి స్థానంలో ఒక చిన్న పెట్టె, ఒక భూతద్దం గుర్తు మిగిలాయి.

జార్జి ఫర్నాస్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన ఒక పరిశోధన ఈ విషయంలో కనువిప్పు కలిగిస్తుంది. ఒకే వస్తువుకు, ఒకే పనికి పేరు పెట్టమని వేర్వేరు మనుషులను అడిగితే, ఏ ఇద్దరైనా ఒకే మాటను ఎంచుకునే అవకాశం 20 శాతం కూడా లేదని వారు కనుగొన్నారు. కాబట్టి, ఎంతటి పండితుడు ఎంత ఆలోచించి పెట్టిన పేరైనా వచ్చేవారిలో చాలామందికి తోచని పేరే అవుతుంది. వారు సూచించిన మార్గం కూడా సరళమైనది: ఒక మంచి పేరు కోసం వాదులాడుకోవడం మాని, ఒకే వస్తువుకు ఎన్ని పేర్లు వాడుకలో ఉంటే అన్నింటినీ వాకిళ్లుగా ఉంచండి. నలభై ఏండ్లు కావస్తున్నా ఈ సలహాను పాటించిన కోర్సుల పట్టికలు అరుదు.

యంత్రం ఎలా వెతుకుతుంది?

యంత్రం వెతికే పద్ధతిని తెలుసుకోవడానికి మన పాఠకులకు కొత్త ఉపమానం అక్కరలేదు. ముహమ్మద్ ఫువాద్ అబ్దుల్ బాఖీ 1945లో కైరోలో వెలువరించిన ఖుర్ఆన్ పదసూచిని చూసినవారు మనలో ఎందరో ఉన్నారు. గ్రంథంలో పుట తరువాత పుట చదువుకుంటూ పోతే ఆయతులలో పదాలు కనబడతాయి. పదసూచిలో దీనికి విలోమంగా ముందు పదం ఉంటుంది, దాని కింద అది వచ్చిన ఆయతులన్నీ ఉంటాయి. నేటి శోధన యంత్రాలన్నింటికీ పునాది ఇదే. కోర్సుల వివరాలను ముందుగా చదివి, ప్రతి పదానికీ అది ఏయే కోర్సులలో వచ్చిందో ఒక జాబితా తయారుచేసి పెట్టుకుంటాయి. మనం అడిగినప్పుడు ఆ జాబితాలను మాత్రమే తిరగవేస్తాయి. అందువల్లనే లక్షల పుటలున్నా క్షణంలో జవాబు వస్తుంది.

అబ్దుల్ బాఖీ పదసూచిలో గమనించవలసిన మరొక విశేషం ఉన్నది. అందులో పదాలు ధాతువుల కింద అమర్చబడ్డాయి. 'కితాబ్', 'కాతిబ్', 'యక్తుబూన' అనే మూడు రూపాలూ క-త-బ అనే ఒకే ధాతువు కింద దొరుకుతాయి. రూపం మారినా మూలం ఒకటేనని గుర్తించి సూచిని తయారుచేయడమన్నమాట. ధాతువును గుర్తించే భారం చదువరిపై ఉన్నదనేది నిజమే. కాని సూచిక తన వంతు పని చేసింది. మన కోర్సుల పట్టికలు ఆ మాత్రం కూడా చేయడం లేదు.

ఉదాహరణకు మూడుల్ అనే వ్యవస్థను తీసుకుందాం. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డౌగియామస్ 2002లో దీనిని విడుదల చేశాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు గనుక విశ్వవిద్యాలయాల నుండి చిన్న చిన్న సంస్థల దాకా లోకమంతటా వ్యాపించింది. దానిలోని సాధారణ కోర్సు వెతుకులాట నాలుగు చోట్ల చూస్తుంది: కోర్సు పూర్తి పేరు, పొట్టి పేరు, గుర్తింపు సంఖ్య, సంగ్రహ వివరణ. మనం రెండు మాటలు వ్రాస్తే రెండూ ఉండి తీరాలి. అక్షరాల వరుస ఉన్నదున్నట్లు సరిపోవాలి. 'అరబీ వ్యాకరణం' అని అడిగితే, 'అరబ్బీ' అని ద్విత్వంతో వ్రాసిన వివరణలో 'అరబీ' దొరకదు. 'వ్యాకరణం' అసలే లేదు. రెండు మాటలూ తప్పిపోయాయి గనుక జవాబు శూన్యం. మా అమ్మాయికి జరిగినది ఇటువంటిదే.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఇక్కడే పుడుతుంది. అక్షరాల వరుసను మాత్రమే చూసే యంత్రానికి 'కళ' అని ఇస్తే 'కళాశాల' అన్న మాట ఉన్న ప్రతి కోర్సునూ తెచ్చి ముందు పోస్తుంది. 'వేద' అని అడిగితే 'నివేదిక'లు వస్తాయి. అడిగినది రాకపోవడం ఒక బాధ, అడగనిది గుట్టలుగా రావడం మరొక బాధ.

ఈ లోపాన్ని ఎరిగే మూడుల్ నిర్మాతలు 2016లో 3.1 కూర్పుతో సోలర్ వంటి ప్రత్యేక శోధన యంత్రాన్ని జోడించుకునే వీలు కల్పించారు. తాను ఇంకా చేరని కోర్సులను కూడా విద్యార్థి ఆ శోధనలో చూడగలిగే అమరిక తరువాతి కూర్పులలో వచ్చింది. అయితే దానిని విడిగా స్థాపించుకోవాలి, అమరికలు చేసుకోవాలి. ఒక్క మనిషి, ఒక్క సర్వరుతో నడిచే సంస్థలు చాలా వరకు ఆ జోలికి పోవు. కాబట్టి పెద్ద యంత్రాలు లేకుండా చేయగలిగే పనులేమిటో ముందుగా చూడడం మంచిది.

తెలుగు లిపిలో ఉన్న చిక్కులు

తెలుగులో వెతకడం ఇంగ్లీషులో వెతకడం వంటిది కాదు. మన భాషలో విభక్తులు మాటకు అతుక్కుపోతాయి. 'వ్యాకరణం', 'వ్యాకరణము', 'వ్యాకరణానికి', 'వ్యాకరణపు' - మనకు ఇవన్నీ ఒకే మాట, యంత్రానికి నాలుగు. కొసలను తుంచి 'వ్యాకరణ' వరకు నిలుపుకోమని యంత్రానికి నేర్పితే ఈ చిక్కులో అధిక భాగం తీరుతుంది. సంధులు మరింత కష్టం. వాటిని ఇప్పటికి వదిలివేసినా పెద్ద నష్టం లేదు, ఎందుకనగా వెతికేవారు సంధి కలిపిన మాటలను అరుదుగా వ్రాస్తారు.

మన పాఠకులకు ప్రత్యేకంగా ఎదురయ్యే బాధ అరబీ, ఉర్దూ మాటల వర్ణక్రమం. ఖుర్ఆన్, ఖురాన్, కురాన్, ఖుర్‌ఆన్. హదీసు, హదీస్, హదీథ్. ఫిఖ్, ఫిఖహ్, ఫిక్హ్. తజ్వీద్, తజ్వీదు, తజ్‌వీద్. ఇందులో ఏది సరియైనదనే వాదం మన పత్రికలలో ఎన్నిసార్లు జరిగిందో! పండితులు ఆ వాదాన్ని కొనసాగించుకోవచ్చు. వెతుకులాటకు మాత్రం అన్నీ సరియైనవే. ఖ, క లను, థ, ద, స లను, ద్విత్వాన్ని, ఏకాన్ని, చివరి ఉకారాన్ని, పొల్లును సూచికలో ఒకే రూపానికి మడిచి పెట్టుకోవాలి. తెరమీద కనబడే పేరు మారదు, లోపలి సూచిక మాత్రమే మారుతుంది.

కంటికి కనబడని భేదాలు కూడా కొన్ని ఉన్నాయి. పొల్లు తరువాత అక్షరం కలిసిపోకుండా టైపు చేసేవారు ఒక అదృశ్య చిహ్నాన్ని వేస్తారు. కొందరు వేస్తారు, కొందరు వేయరు. ఐత్వాన్ని యూనికోడులో ఒకే గుర్తుగా దాచవచ్చు, రెండు గుర్తులు కలిపి కూడా దాచవచ్చు. అచ్చులో చూస్తే రెండూ ఒకటే, యంత్రానికి వేరు. వీటన్నిటినీ ఒకే రూపానికి తేవడం కొద్దిపాటి ప్రోగ్రాముతో అయ్యే పని. ఇది చేయకుండా "మా కోర్సులకు ఎవరూ రావడం లేదు" అని వాపోవడం తాళం వేసిన వాకిలి ముందు అతిథి కోసం ఎదురుచూడడమే.

రోమన్ లిపిలో టైపు చేసేవారిని కూడా మరువరాదు. ఫోనులో తెలుగు మీటల ఫలకం పెట్టుకోనివారు తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో వ్రాస్తారు. అది వారి తప్పు అనడం సులభమే కాని దానివల్ల చేరిక ఒక్కటి కూడా పెరగదు.

అక్షర దోషాలను సవరించడానికి వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్ 1965లో ప్రతిపాదించిన కొలత నేటికీ వాడుకలో ఉన్నది. ఒక మాటను మరొక మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలను చేర్చాలో, తీసివేయాలో, మార్చాలో లెక్కించడమే ఆ కొలత. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. 'కల'కు 'కళ'కు ఒక్క అక్షరమే తేడా. 'పాఠం', 'పీఠం' కూడా అంతే. పొట్టి మాటలకు ఈ సడలింపు ఇవ్వరాదు. పొడవైన మాటలకు ఒకటి రెండు అక్షరాల వరకు ఇవ్వవచ్చు.

ఏది ముందు రావాలి?

దొరికినవాటిలో ఏది ముందు చూపాలన్నది తరువాతి ప్రశ్న. 1972లో కేంబ్రిడ్జిలోని కరెన్ స్పార్క్ జోన్స్ అనే విదుషి ఒక సూక్ష్మమైన విషయాన్ని లోకానికి చెప్పింది: అన్నిచోట్లా వచ్చే మాటకు విలువ తక్కువ, కొద్దిచోట్ల మాత్రమే వచ్చే మాటకు విలువ ఎక్కువ. కోర్సుల పట్టికలో 'పరిచయం', 'ప్రథమ భాగం', 'స్థాయి' వంటి మాటలు ప్రతి పేరులోనూ ఉంటాయి. 'వారసత్వ చట్టం పరిచయం' అని అడిగినవారికి 'పరిచయం' అన్న మాట బలంతో ఇరవై అక్కరలేని కోర్సులు పైకి రాకూడదు. నేటి శోధన యంత్రాలు ఈ సూత్రాన్ని సహజంగానే పాటిస్తాయి; వాటికి మనం చెప్పవలసినది, పేరులో దొరికిన మాటకు వివరణలో దొరికిన మాటకంటె ఎక్కువ విలువ ఇమ్మని మాత్రమే.

కాని కోర్సు అనేది పుస్తకం వంటిది కాదు. పుస్తకం అరలో ఎప్పుడూ ఉంటుంది, కోర్సుకు మాత్రం తేదీ ఉంటుంది. మన దేశంలో 2017 జూలై 9న ప్రారంభమైన స్వయం వేదికలో కోర్సులు సెమిస్టరుల వారీగా నడుస్తాయి. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో ఒక కార్యక్రమపు కోర్సులలో 40 శాతం వరకు ఆ వేదిక ద్వారా చదివేందుకు విద్యాసంస్థ అనుమతించవచ్చు. అనగా కోర్సు సకాలంలో దొరకడం, దొరకకపోవడం డిగ్రీ లెక్కల దాకా పోగల విషయం. అందువల్ల ఏ పట్టికలోనైనా చేరికలు ముగిసిన కోర్సు పైన, చేరడానికి వీలున్న కోర్సు కింద ఉండడం క్షమించరాని అమరిక. ముగిసినదానిని దాచివేయమని నేను అనడం లేదు. 'మళ్లీ ఎప్పుడు' అన్న సమాచారంతో కింద ఉంచాలి. బోధనా భాష, స్థాయి, రుసుము, వారానికి పట్టే కాలం - ఈ నాలుగూ ఫలితాల పుటలోనే కనబడాలి. లోపలికి వెళ్లి చూస్తే గాని బోధన ఇంగ్లీషులోనని తెలియకపోతే, పల్లెటూరి విద్యార్థి రెండు మూడు సార్లు భంగపడి తిరిగి రాడు.

శూన్య ఫలితాల చిట్టా

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన, అన్నిటికంటె చవకైన పనికి వద్దాం. జనం ఏయే మాటలతో వెతికారో, వాటిలో వేటికి ఏమీ దొరకలేదో ఒక చిట్టా తీసి, నెలకొకసారి ఒక మనిషి కూర్చుని చదవాలి. నా అభిప్రాయంలో కొత్త యంత్రం కొనడానికి ముందు చేయవలసిన పని ఇదే. ఆ చిట్టాలో మూడు రకాల మాటలుంటాయి: అక్షర దోషాలు, మన దగ్గర వేరే పేరుతో ఉన్న కోర్సులు, నిజంగా లేని కోర్సులు. మొదటిదానిని యంత్రానికి అప్పగించవచ్చు. రెండవదానికి ఆ మాటను కోర్సు వివరణలో చేర్చితే సరి. మూడవది రాబోయే సంవత్సరం ఏ పాఠాలు తయారుచేయాలో జనం స్వయంగా వ్రాసి ఇచ్చిన అర్జీ.

ఈ చిట్టాలో మాటలు ఉంటే చాలు, మనుషుల పేర్లు అక్కరలేదు. తలాఖ్ గురించి, అప్పుల గురించి, ఒక వ్యాధి గురించి రాత్రివేళ వెతికినవారు ఎవరో తెలుసుకునే హక్కు సంస్థకు లేదు. మాటను ఉంచుకుని మనిషిని విడిచిపెట్టే విధంగానే చిట్టాను అమర్చాలి.

శూన్య ఫలితం వచ్చినప్పుడు తెరమీద ఏమి కనబడుతుందన్నది కూడా ఆలోచించాలి. 'ఫలితాలేవీ లేవు' అన్న వాక్యాన్ని యంత్రం తన పట్టికను గురించి చెబుతుంది, చదువరి లోకాన్ని గురించి అనుకుంటాడు. 'ఈ మాటతో ఏదీ దొరకలేదు. దీనికి దగ్గరగా ఉన్నవి ఇవి. కాదనుకుంటే మీకు కావలసినది మాకు వ్రాయండి' అని ఉంటే ఎవరైనా మరొక ప్రయత్నం చేస్తారు.

మెరుగుపడినదో లేదో తెలుసుకోవడం ఎలా? ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డులో సిరిల్ క్లెవర్‌డన్ 1960 దశకంలో జరిపిన ప్రయోగాలు ఇందుకు దారి చూపాయి. 1400 పత్రాలు, 225 ప్రశ్నలు తీసుకుని, ఏ ప్రశ్నకు ఏ పత్రం తగినదో ముందే నిర్ణయించి, ఆ తరువాత వేర్వేరు సూచికా పద్ధతులను పరీక్షించారు. పండితులు శ్రమించి కూర్చిన కృత్రిమ పరిభాషల కంటె పత్రాలలోని మామూలు మాటలే మెరుగ్గా పనిచేశాయని తేలడం ఆనాడు చాలామందికి మింగుడుపడలేదు. మన చిన్న సంస్థకు 225 ప్రశ్నలు అవసరం లేదు, 50 చాలు. అయితే వాటిని ఉపాధ్యాయుల చేత వ్రాయించరాదు. కోర్సుల పేర్లు ఇంకా చూడని విద్యార్థుల చేత, గృహిణుల చేత, దుకాణాలలో పనిచేసే కుర్రవాళ్ల చేత వ్రాయించాలి. ప్రతి ప్రశ్నకు తగిన కోర్సు మొదటి ఐదు ఫలితాలలో వచ్చిందా లేదా అని లెక్కించాలి. పరిశోధకునికి ఉన్నవన్నీ కావాలి, విద్యార్థికి తగినది ఒక్కటి దొరికితే చాలు. కాబట్టి 'మొదటి ఐదు' అన్న కొలత మన పనికి సరిపోతుంది.

ఈమధ్య అర్థాన్ని బట్టి వెతికే పద్ధతులు వచ్చాయి. వాక్యాన్ని వందలాది అంకెల వరుసగా మార్చి, అర్థంలో దగ్గరగా ఉన్న వాక్యాలు అంకెలలో కూడా దగ్గరగా ఉండేటట్లు యంత్రానికి తర్ఫీదు ఇస్తారు. గూగుల్ వారు వెలువరించిన మూరిల్ వంటి నమూనాలు తెలుగుతో సహా భారతీయ భాషల మీద తర్ఫీదు పొందినవే. 'వ్యాకరణం' అన్న మాటకు 'వాక్య నిర్మాణ నియమాలు' దగ్గరివని ఇటువంటి పద్ధతి గ్రహించగలదు. ఇది నిస్సందేహంగా ముందడుగు. కాని తెలుగు లిపిలో 'నహ్వ్' వంటి మాట అరుదు, అరుదైన మాటల దగ్గర ఈ యంత్రాలు తడబడతాయి. అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది: దగ్గరితనాన్ని మాత్రమే కొలిచే యంత్రం ఏమీ లేనప్పుడు కూడా ఉన్నవాటిలో దగ్గరిదాన్ని తెచ్చి ఇస్తుంది. లేదని చెప్పడం దానికి వేరుగా నేర్పాలి. అందువల్ల పదాల సూచికను ముందుంచి, దీనిని దాని వెనుక సహాయంగా నిలపడమే ప్రస్తుతానికి క్షేమమని నా ఉద్దేశం.

నంద్యాల అమ్మాయి విషయానికి వస్తే, ఆ సంస్థవారికి ఒక ఉత్తరం వ్రాశాము. వారు పెద్ద మనసుతో నహ్వ్ కోర్సు వివరణ చివర ఒక పంక్తి చేర్చారు: 'అరబీ వ్యాకరణం, అరబిక్ గ్రామర్, అరబ్బీ భాషా నియమాలు, పదాల చివర స్వరాలు మారడం'. యంత్రంలో ఒక్క మర కూడా మార్చలేదు. తరువాతి విడతలో ఆమె చేరింది. మొన్న అదే పెట్టెలో 'ఉర్దూ టైపింగ్' అని వెతికిందట. ఆ కోర్సు వారి దగ్గర నిజంగానే లేదు. ఈసారి తెర మీద కావలసినది వ్రాసిపెట్టమని ఒక ఖాళీ గడి కనబడిందనీ, అందులో రెండు వాక్యాలు వ్రాసి పంపాననీ చెప్పింది.